‘కిడ్నీ ఫుడ్’ అని అడిగితే ఏ ప్యాకెట్ ఇస్తారు? రీనల్, యూరినరీ ఫుడ్‌ల రివ్యూ

హైదరాబాద్‌లో ఏ పెట్ షాపుకైనా వెళ్లి “కిడ్నీ ఫుడ్ ఇవ్వండి” అంటే కౌంటర్ మీదికి రెండు రకాల ప్యాకెట్లలో ఏదైనా రావచ్చు. ఒకటి రీనల్ (కిడ్నీ జబ్బుకి), రెండోది యూరినరీ (మూత్రంలో రాళ్లకి). ఒకే కంపెనీవి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అరలో పక్కపక్కనే. లోపలి సరుకు మాత్రం తూర్పు పడమర. చాలా యూరినరీ ఫుడ్‌లలో (ఉదాహరణకి రాయల్ కానిన్ యూరినరీ ఎస్/ఓ) ఉప్పు కావాలనే పెంచుతారు, పిల్లి ఎక్కువ నీళ్లు తాగి మూత్రం పల్చబడాలని. మూత్రం ఆమ్లం వైపు ఉండేలా చూస్తారు. రీనల్‌లో ఫాస్ఫరస్, ప్రొటీన్ తగ్గించి, ఒమేగా-3 పెంచి, పాడైన కిడ్నీల వల్ల ఒంట్లో పేరుకునే ఆమ్లానికి విరుగుడు కలుపుతారు. స్ట్రువైట్ (తిండితో కరిగే రకం) రాళ్లున్న పిల్లికి రీనల్ పెడితే రాయి కరగదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 3 దాటిన పిల్లికి యూరినరీ పెడితే అసలుకే మోసం.

నగరంలో ఎక్కువగా కనబడేవి రాయల్ కానిన్, ఫార్మినా వెట్ లైఫ్, కొన్నిచోట్ల హిల్స్. బ్రాండ్ తర్వాత సంగతి, ముందు రిపోర్టు చేతిలో ఉండాలి.

రీనల్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఐరిస్ (జంతువుల కిడ్నీ జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం) స్టేజీల ప్రకారం పిల్లికి క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో స్టేజి, 5 దాకా మూడోది, ఆపైన నాలుగోది. పిల్లికి రెండో స్టేజి నుంచే ఈ తిండి పనికొస్తుంది. కుక్కకైతే మూత్రంలో ప్రొటీన్ పోతుంటే, అంటే యూపీసీ (మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి) 0.5 దాటి అలాగే ఉంటే, అంతకన్నా ముందే. వాంతులతో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు తీసిన రక్తంతో స్టేజి తేల్చకూడదు. ఫ్లూయిడ్స్ పెట్టి, నిలకడపడ్డాక మళ్లీ చూడాలి. వానాకాలంలో లెప్టోస్పైరోసిస్‌తో కిడ్నీలు దెబ్బతిన్న కుక్కకి కావాల్సింది ఆస్పత్రి, ప్యాకెట్ కాదు.

ప్యాకెట్ వెనక చూడాల్సింది ఫాస్ఫరస్ శాతం. మామూలు డ్రై ఫుడ్‌లో అది 1 శాతం చుట్టుపక్కల ఉంటుంది, రీనల్‌లో సుమారు 0.3 నుంచి 0.6. ఇందులో అసలు మందు ఫాస్ఫరస్ తగ్గించడమే, ప్రొటీన్ తగ్గించడం ఆ తర్వాతే. రెండో స్టేజిలో రక్తంలో ఫాస్ఫరస్‌ని 4.6 లోపు ఉంచాలన్నది లక్ష్యం. తిండి మార్చిన నాలుగైదు వారాలకు టెస్ట్ చేయిస్తే పని చేస్తోందో లేదో తెలుస్తుంది. దిగకపోతే బైండర్ (తిండిలోని ఫాస్ఫరస్‌ని ఒంటికి పట్టనివ్వని మందు) వాడాలి, అదీ తిండితో పాటే ఇవ్వాలి. ఖాళీ కడుపున ఇస్తే దండగ.

ఇక రీనల్‌కి ఉన్న పెద్ద లోపం: రుచి. మంచి బ్రాండే అయినా చాలా పిల్లులు వాసన చూసి పక్కకి తిరుగుతాయి. తప్పు అన్నిసార్లూ తిండిది కాదు. ఆస్పత్రిలో డ్రిప్ నడుస్తుండగా, వికారంగా ఉన్నప్పుడు మొదటిసారి ముందు పెడితే దానికి ఆ వాసనంటేనే విరక్తి పుడుతుంది. ఇంటికొచ్చి, వికారానికి మందు పడి, మామూలు తిండి తింటున్నాక మొదలుపెట్టండి. మొదటి వారం పాతదానిలో పదోవంతు కొత్తది కలపండి, ఆ తర్వాత పావు, సగం. నెల పట్టినా పర్లేదు. వెట్ (తడి తిండి) పౌచ్ అయితే గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది. మొండికేసి తినకపోతే మామూలు తిండే పెట్టండి. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది, కిడ్నీ కన్నా ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది.

పైన కలిపేవే సగం పథ్యాన్ని చెడగొడతాయి. చికెన్ లివర్, పాలు, ట్రీట్లు అన్నీ ఫాస్ఫరస్సే. గుడ్డు కలపాలనుకుంటే పచ్చసొన తీసేయండి, అందులో సుమారు 65 మిల్లీగ్రాములుంటుంది, తెల్లసొనలో 5కి మించదు.

కుక్కల రీనల్‌లో క్యాలరీల కోసం కొవ్వు ఎక్కువ వేస్తారు. ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన కుక్కకి, ష్నాజర్‌లాంటి జాతులకి డాక్టర్‌ని అడగకుండా వద్దు.

ఇంట్లో వండితే పోదా అంటారు చాలామంది. నిజానికి ఈ తిండి పుట్టిందే అలా: అమెరికాలో పశువైద్యుడు మార్క్ మోరిస్ బడ్డీ అనే గైడ్ డాగ్ కిడ్నీ జబ్బు కోసం కలిపిన పథ్యమే తర్వాత హిల్స్ కె/డి అనే రీనల్ ఫుడ్ అయింది. కానీ ఆయన లెక్కకట్టి కలిపాడు. పెరుగన్నం ఒక్కటే రోజూ పెడితే కుక్కకి ప్రొటీన్, విటమిన్లు చాలవు, పిల్లికైతే తప్పనిసరైన టారిన్ అనే పోషకం అసలే ఉండదు.

యూరినరీ విషయంలో రాయి ఏ రకమో తెలియకుండా కొనడం దండగ. స్ట్రువైట్ కరుగుతుంది. పిల్లుల్లో తరచూ రెండు నుంచి నాలుగు వారాల్లోనే. కుక్కల్లో దాని వెనక ఇన్ఫెక్షన్ ఉంటుంది కాబట్టి కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్ష) చేయించి యాంటీబయాటిక్ కూడా నడపాలి. కాల్షియం ఆక్సలేట్ ఏ తిండికీ కరగదు, ఆపరేషన్ చేయాల్సిందే. ఎస్/ఓ మళ్లీ రాకుండా మాత్రం సాయపడుతుంది. డాల్మేషియన్లకి వచ్చే యూరేట్ రాళ్ల దారి వేరు. నెల తర్వాత ఎక్స్‌రేలో రాయి సైజు తగ్గలేదంటే అది స్ట్రువైట్ కాదేమో అని అనుమానించాలి. ఇంకో మాట: ఫ్రిజ్‌లో పెట్టిన మూత్రంలో లేని స్ఫటికాలు పుట్టుకొస్తాయి. శాంపిల్ అరగంటలో, మహా అయితే గంటలో చూడాలి. నగరం ఆ చివర నుంచి ట్రాఫిక్‌లో మోసుకొచ్చిన సీసాని నమ్మి ఏళ్ల తరబడి ఈ తిండి పెట్టక్కర్లేదు.

డ్రైనా, వెట్టా? యూరినరీకి వెట్‌కే మా ఓటు. 85 గ్రాముల పౌచ్‌లో సుమారు 68 మి.లీ. నీళ్లే. నాలుగు కిలోల పిల్లి రోజుకి మూడు తింటే 200 మి.లీ. కడుపులోకి వెళ్లినట్టే. డ్రై 50 గ్రాముల్లో వచ్చేది నాలుగైదు మి.లీ. ఖర్చు మాత్రం డ్రై కంటే బాగా ఎక్కువ. రెండూ కలిపి పెట్టినా ఫర్వాలేదు. ఎస్/ఓ వాడుతూ మిథియోనిన్ లాంటి ఆమ్లం పెంచే మాత్రలు వేయొద్దు. పిల్లపిల్లులకి, చూలుతో ఉన్నవాటికి ఇది కాదు.

మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతోంది, చుక్క పడట్లేదు అంటే అది తిండితో తేలే వ్యవహారం కాదు. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. రాత్రయినా సరే, కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేసేచోటికి ఆటో ఎక్కండి.

కొనేటప్పుడు లూజ్‌గా కవర్లో కట్టిచ్చేది తీసుకోవద్దు. తేదీ తెలియదు, ఏ ప్యాకెట్‌దో తెలియదు. ఎండాకాలంలో షాపు గోదాములో మగ్గిన సంచిలో నూనె కనరెక్కుతుంది, తెరవగానే ఆ వాసన తెలిసిపోతుంది. విప్పాక నెలా నెలన్నరలో అవగొట్టండి, డబ్బాలోకి ఒంపకుండా సంచితో సహా డబ్బాలో పెట్టండి.