బందరు లడ్డూ: పళ్లెంలోది వేరు, డబ్బాలోది వేరు

బందరు వదిలి పైఊళ్లలో స్థిరపడినవాళ్లు చాలా ఏళ్ల తరువాత తిరిగి వెళితే, చిన్ననాటి గుర్తులు ఒక్కొక్కటే కనుమరుగైనట్టు తెలుస్తుంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఇక్కడే నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మారనిది తొక్కుడు లడ్డూ ఒక్కటేనని బంధువులందరూ బల్లగుద్ది చెప్పడం వల్ల, కోనేరు సెంటరుకు దగ్గరలోని ఒక పాత మిఠాయి దుకాణానికి వెళ్లి ఆ మాట ఎంతవరకు నిజమో చూశాను. మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది గనుక దుకాణం పేరు రాయడం లేదు.

లడ్డూ విషయంలో బంధువుల మాట నిజమే. శనగపిండి ముద్దను నేతిలో వేయించి, దంచి, జల్లెడ పట్టి, ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి వేస్తూ మళ్లీ రోకలితో దంచితే తప్ప ఈ లడ్డూ తయారుకాదు. ఆ పనిలో ఎక్కడ తొందరపడినా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడి లడ్డూను రెండు వేళ్ల మధ్య నొక్కితే పొడిపొడిగా రాలకుండా మెత్తగా విచ్చుకుంది. పలుకు పంటికి తగలలేదు, పిండి అంగిలికి అంటుకోలేదు. ముందు నేతి వాసన, ఆ వెనుక యాలకులు, చివరకు బెల్లం తీపి అందాయి. పొట్లం కట్టిన కాగితం మీద నేతి మరక పడింది గాని నెయ్యి కారలేదు. పాకం కుదిరిందనడానికి నాకు ఆ గుర్తు చాలు. పక్కనే పంచదారతో చేసినవి కూడా పెట్టారు. చూడ్డానికి బాగున్నాయి, వాటికోసం బందరు దాకా రానక్కర్లేదు.

గోధుమ పాలతో చేసే నల్ల హల్వా ఫరవాలేదు, సాగుడు మాత్రం ఎక్కువ.

నా ఫిర్యాదంతా డబ్బాల మీదే. 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి మూత మీద పెద్ద అక్షరాలతో వేశారు గాని, తయారుచేసిన తేదీ ఎక్కడా లేదు. ఇంటికి వచ్చి విప్పితే పై వరుస పొడిబారి ఉంది. మరునాడు ఆ సంగతి చెబితే, గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన “బాబూ, మన ఊరివాళ్లెవరూ డబ్బాలు కొనరు, పళ్లెంలోవి తూకం వేయించుకుంటారు” అన్నారు. కౌంటరు కుర్రాడు నన్ను చూడగానే పైఊరివాడి కింద లెక్కగట్టి, అడగకుండానే డబ్బా చేతిలో పెట్టాడన్నమాట. న్యాయంగా ఆలోచిస్తే వాడి తప్పు లేదు, కాని పుట్టిన ఊళ్లో ఆ మర్యాద కాస్త గుచ్చుకుంది. పెద్దాయన వాదించకుండా పొడిబారినవి తీసుకుని తాజావి ఇచ్చారు.

కాబట్టి వెళ్లేవాళ్లు ముందు పళ్లెంలోనుంచి ఒకటి రుచి చూసి, బెల్లం లడ్డూనే తూకం మీద కట్టించుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి పేరుకుని గట్టిబడుతుంది. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో బయటే ఉంచడం మేలు.