పోకెమాన్, క్రికెట్ కార్డులకు ఏ బైండరు మంచిది? విశాఖ తేమలో ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. ఇప్పుడు మా ఇంట్లో రెండు రకాల బైండర్లే, అంటే కార్డులు దాచుకునే ఫైళ్లే, మిగిలాయి. పూర్తయిన సెట్లకు (సెట్ అంటే ఒకే పేరుతో, వరస నంబర్లతో వచ్చే కార్డులు) వాల్ట్ ఎక్స్ కంపెనీ వాళ్ల తొమ్మిది పాకెట్ల జిప్పు బైండరు. ఇంకా పోగవుతున్న సెట్లకు డి-రింగు ఫైలు (రింగులు ఇంగ్లీషు D ఆకారంలో ఉండేది), అందులో అల్ట్రా ప్రో కంపెనీ పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) పేజీలు. గుండ్రటి రింగుల ఫైళ్లు, తళతళలాడే పీవీసీ పేజీలు ఒక్కటి కూడా ఉంచలేదు. మన దగ్గర కార్డులు కొనేవాళ్లు బాగా పెరిగారు. వాటిని ఎలా దాచాలో తెలుగులో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బైండరు కొనేటప్పుడు అందరి కళ్లూ అట్ట మీదికే పోతాయి. పోకెమాన్ చారిజార్డ్ బొమ్మ ఉందా, పట్టుకుంటే లెదరులా ఉందా అని చూస్తాం. కానీ ఏళ్ల తరబడి కార్డును ఒరుసుకుని ఉండేది లోపలి పేజీ. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. అది మెత్తగా వంగడం కోసం ప్లాస్టిసైజర్లనే నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడికి, అవి పైకి ఊరుతాయి. పేజీ జిగటగా తయారవుతుంది. పీవీసీ పాడయ్యే కొద్దీ ఆమ్లపు ఆవిరి కూడా వదులుతుంది. నమ్మకం కుదరకపోతే బీరువాలో ఉన్న పాత సర్టిఫికెట్ల ఫైలు తీసి చూడండి. జెరాక్సు కాగితం కవరుకు అతుక్కుపోయి, లాగితే అక్షరాలు ప్లాస్టిక్ మీదే ఉండిపోవడం మనలో చాలామందికి తెలిసిన సంగతే. కార్డు మీద ఉన్నదీ అచ్చే.

డెక్కన్ చార్జర్స్ జట్టు ఇంకా ఆడుతున్న రోజుల నాటి టాప్స్ కంపెనీ క్రికెట్ అటాక్స్ కార్డులు నా దగ్గర కొన్ని ఉన్నాయి. అవి చాలాకాలం ఒక మామూలు స్టేషనరీ ఫైలు పేజీల్లోనే ఉండేవి. పాలీప్రొపిలీన్ పేజీల్లోకి మారుస్తున్నప్పుడు మామూలు కార్డులు జారుతూ బయటికి వచ్చాయి. ఫాయిల్ కార్డులు (మెరిసే పొర ఉన్నవి) మాత్రం చిన్నగా చర్రుమంటూ ఊడాయి. ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే బొమ్మ మధ్యలో మెరుపు ఉంది, అంచుల వెంట నూనె చెయ్యి తగిలినట్టు మసక. తుడిస్తే పోలేదు. ఆ జట్టు ఇప్పుడు లేదు, ఆ కార్డులు మళ్లీ అచ్చు కావు. అందుకే పేజీ విషయంలో నేనింత పట్టుబడతాను.

కొనే ముందు పేజీ ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పేరున్న కంపెనీలు ప్యాకెట్ మీదే పీవీసీ లేదని, యాసిడ్ లేదని, పాలీప్రొపిలీన్ అని రాస్తాయి. ఏమీ రాయకపోతే వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే ఘాటు వాసన వస్తే అది పీవీసీ అనే అనుకోవాలి. పాలీప్రొపిలీన్‌కు దాదాపు వాసన ఉండదు, వంచితే కాస్త బిరుసుగా ఉంటుంది, రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకోవు.

ఇక రింగుల సంగతి. గుండ్రటి రింగు ఫైలు మూసినప్పుడు లోపలి పేజీలు వంపు ఎక్కి వెన్ను వైపు పోగుపడతాయి. అప్పుడు వెన్ను పక్కన ఉన్న వరుస కార్డుల అంచు రింగుకీ అట్టకీ మధ్య నలుగుతుంది. అక్కడ సన్నటి అర్ధచంద్రాకారపు నొక్కు పడుతుంది. నేరుగా చూస్తే కనపడదు, వెలుతురులో తిప్పితే కనిపిస్తుంది. అమ్మేటప్పుడో మార్చుకునేటప్పుడో ఎదుటివాళ్లు మొదట చూసేది దాన్నే.

పోకెమాన్‌లో 151 సెట్ (2023 సెప్టెంబరులో వచ్చింది) తీసుకుని నంబర్ల వరసలో తొమ్మిది పాకెట్ల పేజీల్లో పెట్టి చూడండి. మొదటి పేజీ కుడివైపు వస్తుంది కాబట్టి అందులో 1, 4, 7 నంబర్లు వెన్ను పక్కన పడతాయి. వీనసార్ 3, చారిజార్డ్ 6, బ్లాస్టాయిస్ 9. ముగ్గురూ బయటి అంచున క్షేమంగా ఉంటారు. మూడో పేజీకి వచ్చేసరికి 19, 22, 25 వెన్ను పక్కన పడతాయి. ఆ 25 ఎవరో చెప్పక్కర్లేదు. పికాచు సరిగ్గా కింది మూలలో, కింది రింగుకు ఆనుకుని ఉంటుంది. సెట్ అంతటిలో పిల్లలు ఎక్కువగా తెరిచి చూసే కార్డు అదే, నొక్కు పడేదీ దానికే.

డి-రింగు ఫైల్లో ఈ బాధ చాలావరకు తీరుతుంది. రింగులో తిన్నటి భాగం ఉంటుంది కాబట్టి పేజీలు ఒకదాని మీద ఒకటి సమంగా ఆనుకుంటాయి. రింగులు ముందు అట్టకో వెన్నుకో కాకుండా వెనక అట్టకు బిగించి ఉంటే ఇంకా నయం. నిండా కుక్కకూడదు, అంతే. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి రెండు రింగుల ఏ4 ఫైళ్లు. తొమ్మిది పాకెట్ల పేజీ ఏ4 కాగితం కన్నా వెడల్పు. అందుకని ఇరుకు ఫైలైతే పేజీ అంచు అట్ట దాటి బయటికి వస్తుంది. ఒక పేజీ వెంట తీసుకెళ్లి షాపులోనే పెట్టి చూసుకుంటే ఏ టెన్షనూ ఉండదు. చిల్లులు మూడే ఉన్న పేజీలు రెండు రింగుల ఫైలుకు కుదరవు. పదకొండు చిల్లులున్నవి దాదాపు అన్నింటికీ సరిపోతాయి.

ఈ రింగు పేజీలతో నాకున్న సుఖం ఒక్కటే, కానీ అది పెద్దది. సెట్ సగంలో ఉన్నప్పుడు మధ్యలో ఒక పేజీ చేర్చాలన్నా తియ్యాలన్నా క్షణంలో పని. ఇబ్బంది ఏమిటంటే వీటికి పాకెట్ పైన తెరుచుకుంటుంది. ఫైలు తలకిందులైతే కార్డులు జారతాయి. పైగా ఒకే పాకెట్‌లో రెండు కార్డులు వీపు వీపు కలిపి పెడతాం కదా, ఒకటి లాగితే రెండోదాని వీపు రాసుకుంటుంది. విలువున్న కార్డయితే పాకెట్‌కు ఒకటే పెడతాను.

నేను చెప్పే జిప్పు బైండర్లలో రింగులే ఉండవు. పేజీలు వెన్నులోకి కుట్టేసి ఉంటాయి, పాకెట్ పక్క నుంచి, అంటే వెన్ను వైపు నుంచి తెరుచుకుంటుంది. ఎటు తిప్పినా కార్డు జారదు. పేజీకి రెండు వైపులా విడి విడి పాకెట్లు. నేను వాడే వాల్ట్ ఎక్స్‌లో 20 పేజీలు, మొత్తం 360 కార్డులు పడతాయి. 151 సెట్ లెక్క వేస్తే ఆ సంఖ్య ఎంత బాగా కుదిరిందో చూడండి. ప్రధాన సెట్ 165, ఆ నంబర్లు దాటాక వచ్చే సీక్రెట్ కార్డులు 42. మొత్తం 207, సరిగ్గా 23 పేజీ ముఖాలు నిండుతాయి. ప్రధాన సెట్‌లోని ఈఎక్స్ అనే ప్రత్యేక రకం కార్డులు పన్నెండూ తీసేస్తే మిగతా 153 కార్డులకు రివర్స్ హోలోలు (బొమ్మ కాకుండా చుట్టూ ఉన్న భాగం మెరిసే రూపం) ఉన్నాయి. 207, 153 కలిపితే 360. ఎనర్జీ కార్డుల్ని పక్కన పెడితే మాస్టర్ సెట్ (ఈ రూపాలన్నీ కలిపిన పూర్తి సెట్) మొత్తం ఒక్క పాకెట్ కూడా ఖాళీ లేకుండా ఇందులో ఇమిడిపోతుంది. ఆఖరి పాకెట్ నిండినప్పుడు కలిగే సంతోషం సేకరించేవాళ్లకే తెలుస్తుంది.

ఏళ్ల తరబడి వాడినా ఆ పేజీలు పసుపెక్కలేదు, కుట్టు వదల్లేదు, పాకెట్ నోళ్లు సాగలేదు. వెనక నల్లటి పేజీ ఉండటం వల్ల హోలో కార్డుల మెరుపు బాగా తేలుతుంది. నచ్చనిదల్లా పేజీ చేర్చే వీలు లేకపోవడం. మధ్యలో ఒక కార్డు దొరికితే, దానికి ఖాళీ వదలకపోయి ఉంటే, వెనకున్నవన్నీ ఒక్కొక్కటే జరపాలి. అందుకే సెట్ పూర్తయ్యాకే ఇందులోకి మారుస్తాను. ఎలాస్టిక్ పట్టీతో మూసే రకాలు కూడా వాడాను. పట్టీ బిగుతుగా ఉంటే అట్ట ఆ గీత వెంట లోపలికి నొక్కుకుంటుంది. జిప్పులో ఆ ఒత్తిడి లేదు. కాకపోతే మూసేటప్పుడు పేజీ అంచు పళ్లలో పడకుండా వేలితో లోపలికి నొక్కి పట్టుకోవాలి. బైండరు ఉబ్బేలా నింపితే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

పన్నెండు పాకెట్లవి కొందరికి ఇష్టం. ఒళ్లో పెట్టుకుని చూడటానికి నాకవి మరీ వెడల్పు.

స్లీవు (కార్డుకు వేసే ప్లాస్టిక్ తొడుగు) వెయ్యకుండా ఏ కార్డునూ పాకెట్‌లో పెట్టను. పోకెమాన్ కార్డు 63 మి.మీ. వెడల్పు, 88 మి.మీ. పొడవు. పలచటి పెన్నీ స్లీవు వేసినా, మామూలు స్లీవు వేసినా తొమ్మిది పాకెట్ల పేజీలో హాయిగా పడుతుంది. రెండు స్లీవులు వేసేటప్పుడు లోపలి బిగుతు స్లీవును తలకిందులుగా తొడగాలి. అప్పుడు రెండు నోళ్లూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి, దుమ్ము లోపలికి పోదు. పైన పెద్ద స్లీవు వేస్తే కొన్ని పేజీల్లో పట్టదు, ముందు ఒకటి పెట్టి చూడాలి. యూ-గి-ఓ అనే మరో ఆట కార్డు 59, 86 మి.మీ. కాబట్టి దాని కొలతకు చేసిన చిన్న స్లీవు వాడాలి, పెద్ద స్లీవులో అటూ ఇటూ కదులుతూ మూలలు అరుగుతాయి.

ఇప్పుడు సముద్రం సంగతి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది అంత పట్టింపు కాకపోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వైపు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా చదవండి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో చౌక ఫైలు రింగులూ అలాగే తుప్పు పడతాయి. ముందు రింగు మూసుకునే చోట గోధుమరంగు చుక్క వస్తుంది, తర్వాత అది పేజీ చిల్లు చుట్టూ మరకగా దిగుతుంది. మంచి నికెల్ పూత ఉన్న రింగులే తీసుకుంటాను, నాలుగైదు నెలలకోసారి పొడి గుడ్డతో తుడుస్తాను. జిప్పు బైండరు కొనేటప్పుడు కూడా పళ్లు ప్లాస్టిక్‌వేనా అని చూస్తాను.

ఫాయిల్ కార్డులు వంగిపోవడం గురించి చాలామంది బైండరును తిడతారు. అసలు కారణం తేమ. కార్డులో కాగితం పొర తేమను పీల్చుకుని సాగుతుంది, ఫాయిల్ పొర సాగదు. అందుకే వానాకాలంలో అంచులు బొమ్మ వైపుకు లేస్తాయి. ఏసీ గదిలో గాలి బాగా పొడిబారితే ఎదురు వైపుకు వంగుతాయి. జిప్పు ఉన్నంత మాత్రాన గాలి ఆగదు. కాబట్టి బైండర్లను రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. చిన్న డిజిటల్ తేమ మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది, దాన్ని కూడా లోపలే ఉంచుతాను. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కార్డులు తిన్నగా ఉంటున్నాయి. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు వేడిచేసి మళ్లీ వాడాలో చూడగానే తెలుస్తుంది. కలరా ఉండలు మాత్రం వద్దు. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, కార్డులకు పట్టిన వాసన వదలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా ఇంట్లో విలువైన కాగితం ఏదీ కింది అరలో పెట్టం. బైండర్లూ పై అరలోనే, గోడకు తగలకుండా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. తిన్నగా నిలబడేంత నిండుగా, వేలు దూరేంత వదులుగా.

పిల్లల సంగతి వేరు. మా మేనల్లుడు స్కూల్లో, అపార్టుమెంటు కింద కార్డులు మార్చుకుంటాడు. "మామయ్యా, ఇది ఇచ్చి అది తీసుకోనా?" అని ఫోటో పంపిస్తాడు. వాడికి నాలుగు పాకెట్ల చిన్న జిప్పు బైండరు ఇచ్చాను. 160 కార్డులు పడతాయి, స్కూలు బ్యాగులో పుస్తకాల మధ్య ఇమిడిపోతుంది. పది రూపాయల ప్యాకెట్లలో వచ్చే నకిలీ బంగారు రంగు కార్డుల్ని కూడా వాడు ప్రాణంగా చూసుకుంటాడు. వాటికి ఆఖరి పేజీలు కేటాయించాడు, అసలువాటితో కలపడు. ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మార్చుకునేటప్పుడు ఎవరికీ అపార్థం రాదు.

ఖర్చు మాటకొస్తే, ఇలాంటి జిప్పు బైండర్లు దిగుమతి సరుకు, వేలల్లో ఉంటాయి. మామూలు కార్డులకు అంత పెట్టక్కర్లేదు. డి-రింగు ఫైలూ మంచి పేజీలూ విడిగా కొంటే చాలా తక్కువలో పని అవుతుంది. డబ్బు తక్కువగా ఉంటే ఫైలు చౌకది కొన్నా పర్లేదు, పేజీల్లో మాత్రం రాజీ పడొద్దు.

ఆన్‌లైన్‌లో కొంటే పార్శిల్ రాగానే కార్డులు పెట్టేయకండి. జిప్పు ఒకసారి చుట్టూ తిప్పి చూడండి, మూలల దగ్గర పట్టేస్తుందేమో. ప్రతి పాకెట్ అతుకు మీదా గోరు పోనివ్వండి, ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడ కార్డు గీసుకుంటుంది. తర్వాత రెండు మూడు రోజులు ఫ్యాను గాలికి తెరిచి ఉంచండి. అప్పటికీ ఘాటు వాసన పోలేదంటే వెనక్కి పంపేయండి.