వాహన్ పోర్టల్‌లో క్వార్టర్ ట్యాక్సు: చిత్తూరు లారీ యజమానిగా నా పరిశీలన

చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములను చెన్నై రేవుకు తోలే లారీ నాది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలు మొదలుకాగానే ఆ మూడు నెలల రోడ్డు పన్నును (క్వార్టర్ ట్యాక్సును) వాహన్ పోర్టల్‌లో, అంటే వాహనాల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటులో, కట్టేస్తున్నాను. బండి నంబరు, ఛాసిస్ నంబరులోని చివరి ఐదు అంకెలు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఇస్తే కట్టవలసిన మొత్తం కనిపిస్తుంది, డబ్బు చెల్లించగానే రసీదు చేతికొస్తుంది. ఈ సౌకర్యానికి నేను నిండు మనసుతో మంచి మార్కులు వేస్తాను.

అయితే నాలాంటివాడికి ఈ పోర్టల్ చేసే అసలు మేలు పన్ను కట్టించుకోవడంలో కాక, కట్టనివారిని బయటపెట్టడంలో ఉంది. లారీ పన్ను లోడుతో కలిపి లెక్కించే బరువును బట్టి ఉంటుంది కనుక పెద్ద బండికి అది చిన్న మొత్తమేమీ కాదు. దాన్ని ఎగ్గొట్టినవాడు అంతమేరకు బాడుగ తగ్గించి చెప్పగలడు, సక్రమంగా కట్టినవాడు లోడు పోగొట్టుకుంటాడు. ఎగవేతదారు ఎఫ్.సి.కి (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వచ్చినప్పుడు బాకీ తీర్చక తప్పదన్నది నిజమే కానీ, ఎనిమిదేళ్లలోపు బండికి ఎఫ్.సి. రెండేళ్లకొకసారి, ఆ తర్వాతే ఏటేటా కావాలి. ఈలోగా అతణ్ణి పట్టుకోవలసింది రోడ్డు మీది తనిఖీయే. అధికారులు బండి నంబరు కొట్టి, పన్ను ఏ తేదీ వరకు చెల్లిందో అక్కడికక్కడే చూడగలగడం అందుకే ముఖ్యం.

ఆ వివరం మామూలు పౌరుడికి కూడా కనిపిస్తుంది. దాన్ని ముందే చూసి ఉంటే నాకు నష్టం తప్పేది. రెండో లారీ కొనేటప్పుడు అమ్మిన మనిషి "అంతా కట్టేసినాంలేన్నా" అంటే నమ్మి అడ్వాన్సు ఇచ్చాను. పేరు మార్పిడికి వెళ్లాక మూడు క్వార్టర్ల బాకీ బయటపడింది. చట్టం ప్రకారం బాకీ బండితోపాటే కొన్నవాడికి వస్తుంది కనుక జరిమానాతో సహా నేనే కట్టాను.

తనిఖీలు కఠినంగానే ఉండాలని నా అభిప్రాయం. కానీ బండిని ఆపి నిలిపేసినప్పుడు శిక్ష ముందుగా పడేది యజమానికి కాదు, డ్రైవరుకూ, మామిడి లోడయితే లోపలున్న తోతాపురి కాయలకూ. కాబట్టి నోటీసు యజమాని ఫోనుకు వెళ్లి, లోడు దించుకోవడానికి గడువు దొరికే పద్ధతి ఉంటే బాగుంటుంది.

సీజను ముగిశాక షెడ్డులో నిలబడే బండ్ల సంగతి వేరు. క్వార్టరు మొదలుకాకముందే స్టాపేజ్, అంటే బండిని తిప్పడం లేదన్న సంగతి, రవాణా శాఖకు తెలియజేస్తే ఆ మూడు నెలల పన్ను ఉండదు. ఈ పన్ను ప్రజల రోడ్డు వాడకానికే వర్తిస్తుందని సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారం ఆవరణలో తిరిగిన వాహనాల కేసులో తేల్చింది. తెలియక స్టాపేజ్ ఇవ్వని చిన్న యజమానినీ, కావాలని ఎగ్గొట్టేవాణ్ణీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. స్టాపేజ్ సంగతి పన్ను కట్టే పేజీలోనే పెద్ద అక్షరాలతో తెలుగులో కనిపించాలి.

ఇప్పుడు బండి బేరం వస్తే పన్ను గడువు తేదీ చూశాకే టైర్లు చూస్తున్నాను.