మొక్కజొన్నకు సూడోమోనాస్ పొడి: వేరు దగ్గర బలం, ఆకు మీద అంతంతమాత్రం

ఎరువుల కొట్లలో కిలో ప్యాకెట్లుగా దొరికే సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ అనే మేలుచేసే బాక్టీరియా పొడి నేలలోంచి వచ్చే తెగుళ్లకు కొనదగ్గ మందే. ఆకు ఎండు తెగులు ముదిరాక చల్లడానికైతే కొనకండి. అప్పుడు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్ర మందే దిక్కు.

మొక్కజొన్నలో దీని అసలు పని పూత తర్వాత వచ్చే కాండం కుళ్లు దగ్గర. ఆ కుళ్లు తెచ్చే ఫ్యుజేరియం, మాక్రోఫోమినా శిలీంధ్రాలు నేలలోంచి వేర్ల ద్వారా ఎక్కుతాయి. ఈ బాక్టీరియా ముందుగానే వేరును ఆక్రమిస్తే అక్కడి ఇనుమును శిలీంధ్రానికి అందనివ్వదు, దాన్ని అణిచే పదార్థాలు వదులుతుంది, మొక్కలో నిరోధక శక్తినీ పెంచుతుంది. కాబట్టి విత్తే నాటికే నేలలో ఉండాలి. మొక్కలు ఎండి పడిపోతుంటే పోసి లాభం లేదు.

ప్యాకెట్ మీద గ్రాముకు కనీసం 1×10⁸ సి.ఎఫ్.యు., అంటే 10 కోట్ల జీవకణాలు ఉండాలి. అంతకన్నా ముఖ్యం తయారీ తేదీ. బాక్టీరియాను కలిపి అమ్మే టాల్క్ (మెత్తని రాతి) పొడిలో కణాలు నెలనెలా తగ్గిపోతాయి, నాలుగు నెలలు దాటిన సరుకు వద్దు. కొట్టు ముందు ఎండలో పడి ఉన్నదైతే తేదీ కొత్తదైనా వదిలేయండి.

విత్తనశుద్ధికి కిలోకు 10 గ్రాములు. ఎకరానికి 8 కిలోల విత్తనమైతే 80 గ్రాములు చాలు. చల్లారిన గంజితో పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. కానీ హైబ్రిడ్ విత్తనం చాలావరకు కంపెనీ నుంచే రంగు మందు పూసి వస్తుంది, వాటిలో కొన్ని బాక్టీరియాకు పడవు. అందుకే నేలలో వేయడమే మేలు: ఎకరానికి 2 కిలోల పొడిని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి గోనె కప్పి వారం నీడలో ఉంచి, ఆఖరి దుక్కిలో వేయాలి. పచ్చి పేడ, యూరియా కలపకండి.

గుంటూరు, కృష్ణా వైపు వరి కోశాక దున్నకుండా వేసే మొక్కజొన్నలో ఇది కుదరదు. అక్కడ మొలిచాక, నేల తడిగా ఉన్నప్పుడు, లీటరుకు 10 గ్రాములు కలిపి సాయంత్రం మొదళ్లలో పోయాలి. టాల్క్ అడుగున పేరుకుని నాజిల్ మూసుకుపోతుంది, గుడ్డలో వడకట్టి నాజిల్ తీసేసి పోయండి. రాగి మందు, స్ట్రెప్టోసైక్లిన్ కొట్టిన ట్యాంకును బాగా కడగాలి, లేకపోతే బాక్టీరియా అందులోనే చస్తుంది.

పూత, గింజ పాలుపోసుకునే దశల్లో పొలం బెట్టకు వస్తే, పొటాష్ వేయకుండా యూరియా దంచితే, ఎంత మంచి ప్యాకెట్ వాడినా కుళ్లు ఆగదు.