నరసాపురం పంటు ఎక్కండి: డెల్టాకి కొత్తగా వచ్చిన జంటలకు

గోదావరి డెల్టాలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు మొదటి ఆదివారం ఎటు వెళ్లాలని అడిగితే, నరసాపురం వెళ్లి పంటు ఎక్కమంటాను. వశిష్ఠ గోదావరి మీద ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి రేవుల మధ్య మనుషుల్నీ బైకుల్నీ కార్లనీ దాటించే పెద్ద బల్లకట్టు లాంటి పడవ ఇది. చించినాడ దగ్గర వంతెన ఉండగా రేవుకెందుకు అని మా వీధిలో చాలామంది అడిగారు. రోజూ పనికీ కాలేజీకీ ఆస్పత్రికీ ఏరు దాటాల్సినవాళ్లకి పంటు ప్రయాణం అవస్థే. అక్కడ వంతెన కట్టమని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు, ఆ కోరిక పూర్తిగా న్యాయం. నేను చెప్పేది సెలవురోజు తీరిగ్గా బయల్దేరే ఇద్దరి గురించి.

మాది అనంతపురం. మా ఆయనకి బ్యాంకులో బదిలీ అయితే భీమవరం వచ్చాం. మా వైపు ఒక ఊరు పది కిలోమీటర్లంటే పదే. ఇక్కడ మ్యాపులో ఆనుకుని ఉన్నట్టు కనిపించే ఊరికి కూడా మధ్యలో ఏరు అడ్డం ఉంటుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. కోనసీమ అంతా ఈ పాయల మధ్యే. అందుకని ఇక్కడ ట్రిప్ అనుకోగానే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ ఏరు దాటాలన్నది. అది తేలితే దారిలో తగిలే ఊళ్లు, గుళ్లు, తిండి వాటంతటవే కుదురుతాయి.

మేం వేసుకున్న దారి ఇది. పొద్దున్నే భీమవరంలో బయల్దేరి నరసాపురం, అక్కడ పంటు మీద సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. తిరిగి వచ్చేటప్పుడు మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు. వెళ్లేటప్పుడు పంటు, వచ్చేటప్పుడు వంతెన అన్నది ముఖ్యం. సాయంత్రం అలసిపోయి రేవులో మన వంతు కోసం కూర్చుంటే పొద్దుటి సంతోషమంతా పోతుంది. పైగా చీకటి పడకముందే రేవుకి చేరాలన్న టెన్షన్ ఒకటి. ఇంకో మాట, ఫోన్ మ్యాపులో అంతర్వేది అని కొడితే అది వంతెన వైపు తిప్పేయవచ్చు. నరసాపురం రేవు అని పెట్టుకుంటే ఆ గొడవ లేదు.

టికెట్ రేవు దగ్గరే. మనిషికి ఒకటి, బైక్‌కి ఒకటి, కారుకి ఒకటి. రేవు పాట, అంటే రేవు నడిపే హక్కుకి వేసే వేలం, మారినప్పుడల్లా రేటు మారే వీలుంది కాబట్టి అంకె రాయడం లేదు. చిల్లర మాత్రం దగ్గర పెట్టుకోండి. కాలకృత్యాలు నరసాపురం ఊళ్లోనే ముగించుకుని రేవుకి రండి. ఆడవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

కారు నేనే నడుపుతాను. కాబట్టి ఎక్కించడం గురించి కాస్త వివరంగా చెబుతాను, కొత్తవాళ్లు బెదిరేది అక్కడే. రేవు వాలు దిగి, అడ్డంగా వేసిన ఇనప పలక మీదుగా నేరుగా పంటు మీదికి పోనివ్వాలి. సముద్రం దగ్గరే కాబట్టి ఇక్కడ గోదావరికి పోటూ పాటూ ఉంటాయి, అంటే నీళ్లు పెరగడం, తగ్గడం. పోటు మీద ఉన్నప్పుడు పంటు ఎత్తుగా నిలబడి కారు సులువుగా ఎక్కుతుంది. పాటు వేళ నీళ్లు తగ్గి వాలు ఎక్కువవుతుంది. కారు ముందు భాగం కిందకి ఉండే మోడల్ అయితే నిదానంగా, ఫస్ట్ గేర్లోనే దిగాలి. పంటు కుర్రాడు ఎదురుగా నిలబడి చేతులూపుతూ "రానీండి, రానీండి... కొంచెం ఎడంపక్కకి కొట్టండి మేడమ్... చాలండీ! గేర్లో పెట్టి హేండ్ బ్రేక్ లాగెయ్యండి" అని చెబుతాడు. అతని చేతుల్నే చూడండి, అద్దాల్లో చూసుకుంటూ కంగారు పడొద్దు. కారు ఆపగానే దిగిపోండి. లోపల కూర్చుంటే చుట్టూ బైకులు వచ్చి చేరి తలుపు తెరుచుకోదు. నీళ్లంటే భయమున్నవాళ్లకీ బయట నిలబడితేనే ధైర్యంగా ఉంటుంది.

ఇక దాటడం. కొద్ది నిమిషాల పనే. కానీ ఆ కొద్ది నిమిషాల్లో నాకు ఈ ప్రాంతం మొదటిసారి అర్థమైంది. మా పక్కన ఒక బైక్‌కి రెండు వైపులా కొబ్బరి బోండాల గెలలు వేలాడుతున్నాయి. స్కూటీ మీద ఒకావిడ అల్లిక లేసుల మూట పెట్టుకుని ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లే ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకని అధికారిక ముద్ర, వచ్చింది. ఆవిడ మూట విప్పి ఒక టేబుల్ క్లాత్ అంచు చూపించింది. "కొత్తగా వచ్చారాండీ? ఆయ్, అలవాటైపోద్దిలెండి" అంది. మా ఆయన కడ్డీ పట్టుకుని "ఏంది ఇన్ని నీళ్లు" అని మళ్లీ మళ్లీ అంటున్నాడు. చెరువు నిండితే ఊరంతా వెళ్లి కొబ్బరికాయ కొట్టే చోట పెరిగినవాళ్లం, వశిష్ఠ నడిమధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. వంతెన మీద కారులో వెళితే ఇదంతా అద్దం అవతలే ఉండిపోతుంది.

సఖినేటిపల్లిలో దిగాక అంతర్వేది ఎంతో దూరం లేదు. రోడ్డు పొడుగునా కొబ్బరితోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం పొద్దున పూటే చేసుకుంటే మేలు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్ని కూడా చూశాం. గుడి నుంచి ముందుకు వెళితే అన్నాచెల్లెళ్ల గట్టు, నది సముద్రంలో కలిసే చోటు. మధ్యాహ్నం అక్కడ ఇసక కాళ్లు కాలుస్తుంది, నీడ తక్కువ. పది గంటల్లోపు వెళ్లి వచ్చేయండి, నీళ్లలోకి మాత్రం దిగవద్దు, సంగమం దగ్గర ప్రవాహం ఎటు లాగుతుందో తెలియదు.

దిండి దగ్గర వశిష్ఠ ఒడ్డున మధ్యాహ్నం గడపడం బావుంటుంది. హౌస్‌బోట్లు ఉన్నాయి, రాత్రి ఉండాలనుకుంటే గదులు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఒక బసలో మేం రాత్రి ఉన్నాం. నది కనిపించే గది అని డబ్బు ఎక్కువ తీసుకుని, కిటికీ ముందు వాటర్ ట్యాంకు ఉన్న గది ఇచ్చారు. గట్టిగా అడిగితే మార్చారు. డబ్బు కట్టేముందు గది చూపించమని అడగండి. తిండికి మాత్రం ఖరీదైన మెనూలు అక్కర్లేదు. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉన్న మామూలు భోజన హోటల్ ఏది దొరికినా చాలు. పాలకొల్లు వచ్చేసరికి సాయంత్రం అయితే దిబ్బరొట్టె తినండి. పైనా కిందా నిప్పు పెట్టి కాలుస్తారు, అందుకే రెండు వైపులా ఎర్రగా కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. చెరకు పానకంతో అడగండి. మా ఆయనకి ఈ ట్రిప్ అంతటిలో అదే ఎక్కువ నచ్చింది.

వరద సంగతి తప్పక చెప్పాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా పంటు ఉంటుందనే నమ్మకంతో ప్లాన్ వేయవద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి, ప్రవాహం పది లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ వార్త వినగానే ఏ రేవు వైపూ వెళ్లకండి, వరదలో పంటు ఆపేస్తారు. అప్పుడు నీళ్లు ఎర్రగా, లంకల్ని, అంటే నది మధ్య దీవుల్ని, ముంచుకుంటూ పోతుంటాయి. లంకల్లో ఉన్న జనం సామాను సర్దుకుని గట్టెక్కుతుంటారు, ఆ సమయంలో చూడ్డానికి వెళ్లడం నాకు సబబుగా తోచదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, అంటే జాతర, ఆ రోజుల్లో కారుతో రేవుకి వెళ్లకుండా వంతెన మీదుగా పోవడం మంచిది. కార్తీక సోమవారాల్లో పాలకొల్లు, భీమవరం పంచారామాల దగ్గర బస్సుల రద్దీ ఉంటుంది, ఆ రోజులూ వద్దు. కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. పక్క రోడ్ల మీద స్పీడ్ తగ్గించి, ధాన్యం తొక్కకుండా పోనివ్వండి. అది ఆ రైతు ఆరు నెలల కష్టం.

ఈ పంటు నచ్చినవాళ్లకి రెండోది గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య ఉంది. ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి చూసుకుని కోటిపల్లి వచ్చి, అక్కడ పంటు దాటితే అయినవిల్లి వినాయకుడు దగ్గరే. అక్కణ్ణుంచి అంబాజీపేట వెళ్లి పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీల్లాంటి పొట్టిక్కలు తినవచ్చు, కాకపోతే పొద్దున్నే చేరాలి. భీమవరం నుంచి ఆ దారి ఒక్కరోజులో హడావిడి అవుతుంది, అమలాపురంలో రాత్రి ఆగేలా రెండు రోజులకి పెట్టుకోండి. కాకినాడ, రాజమండ్రిలో కాపురం ఉన్నవాళ్లయితే దీంతోనే మొదలుపెట్టవచ్చు.