కుంట, వేప చెట్లు చూపించి ఫ్లాట్ అమ్మారు. ఇప్పుడక్కడ ఐదో బ్లాక్!

పటాన్‌చెరు దాటాక ఫ్లాట్ బుక్ చేస్తున్నవాళ్ళు కాస్త ఆగండి. బిల్డర్ పేరు రాయను, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వాళ్ళ హోర్డింగులే కనిపిస్తాయి.

కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) 60 చదరపు మీటర్ల లోపు, ధర 45 లక్షల లోపు, కాబట్టి జీఎస్టీ 1 శాతమే. ఇదంతా నిజమే. ఇల్లు చిన్నదైనా మధ్యలో వాననీటి కుంట, అందరికీ కలిపి కూరగాయల మడులు, వేప చెట్ల కింద అరుగులు ఉంటాయన్నారు. నేను పడిపోయింది ఆ అరుగుల దగ్గరే. మా నాన్నకి నాలుగు గోడల మధ్య పొద్దు పోదు.

మొన్న ఆదివారం ఆయన్ని సైట్‌కి తీసుకెళ్ళాను. కుంట ఉండాల్సిన చోట జేసీబీ పునాదులు తవ్వుతోంది. వేప చెట్లకి మొదళ్ళే మిగిలాయి. బుకింగ్ రోజు నాన్న కాళ్ళకి దండం పెట్టిన సేల్స్ మేనేజరే ఫోన్‌లోంచి తలెత్తకుండా "బ్రోచర్ కింద ఊహాచిత్రం అని రాశాం కదా సార్" అన్నాడు. గొంతు పెంచితే ఒక కాగితం ముందు పడేశాడు. ప్లాన్ మార్పుకి నా సమ్మతి! "ఫార్మాలిటీ సార్" అంటూ ఆ రోజు పెట్టించుకున్న సంతకాల్లో అదొకటి. మంజూరైన ప్లాన్ మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాసివ్వాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. మేం ముందే రాసిచ్చేశాం, ఎంత మంచివాళ్ళమో!

పైగా "ఈ రేటుకి కుంట కూడా కావాలా సార్? గండిపేటలో విల్లా చూసుకోవాల్సింది" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళిద్దరూ నవ్వారు. నాన్న ఏమీ అనకుండా వెళ్ళి నరికేసిన మొద్దు మీద కూర్చున్నారు. మాకు దక్కిన అరుగు అదొక్కటే.

నేను పనిచేసేది బ్యాంకులో. చదవకుండా సంతకం పెట్టొద్దని రోజూ కస్టమర్లకి చెప్పే పెద్దమనిషిని.

బ్రోచర్ పక్కన పడేసి, రెరా సైట్‌లో మంజూరైన ప్లాన్ తెరిచి ఖాళీ స్థలం ఎక్కడుందో చూడండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకునే హక్కు వాళ్ళకి లేదు. నేను 20 కట్టాను, అది వేరే కథ.

అదే ప్రాజెక్టులో కొన్నవాళ్ళుంటే మీ సమ్మతి పత్రం ఒకసారి అడిగి చూడండి. నా దాని మీద సంతకం నాదే, తేదీ వేసిన చేతిరాత మాత్రం నాది కాదు.