ఐదు డాలర్ల ఇల్లు, నలభై ఐదు డాలర్ల పార్కింగ్

నాష్‌విల్‌లో గది తీసుకునేవాళ్లు అద్దె అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. మేం బుక్ చేసింది రాత్రికి 139 డాలర్లకి. దిగాక సౌకర్యాల రుసుమని రోజుకి 25, కారు పెట్టుకున్నందుకు రోజుకి 45, ఆపైన పన్నులు. రెండు రాత్రులకి 470 డాలర్లు దాటింది. ఏం సౌకర్యాలయ్యా అని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు ఈతకొలను చూపించాడు. అక్టోబరు చివర! దానికి తాళం కూడా వేసి ఉంది. రాత్రి రెండింటి దాకా కింద బార్‌లో డ్రమ్ములు. అమ్మ మోకాళ్లకి జండూబామ్ రాసుకుంటూ, "గీ మోత ఇననీకా బిడ్డా గింత దూరం తెస్తివి?" అంది.

నేను తీసుకొచ్చింది ఈ మోత కోసం కాదు, కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లె బాణీ పాటలు) గాయని లొరెటా లిన్ ఇల్లు చూడడం కోసం. ఆ పాటలకి పేరుపడ్డ టెన్నెస్సీ ఊరు నాష్‌విల్‌ని జోడించింది మా ఆయన.

మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. మా ఊరి మీదుగా పోయే 23వ నంబరు రోడ్డే కెంటకీలోకి దిగాక 'కంట్రీ మ్యూజిక్ హైవే' అవుతుంది. మూడు గంటల్లో పెయింట్స్‌విల్ చేరాం. అక్కడ ఒక చిన్న హోటల్లో సూప్ బీన్స్, మొక్కజొన్న రొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ప్లేటు ఎనిమిది డాలర్లు. అమెరికా వచ్చిన రెండు నెలల్లో బయట తిండి ముట్టని మా అమ్మ, "మక్క రొట్టెనే గదా!" అని రెండోది కూడా అడిగింది. ఒక్క జాగ్రత్త, బీన్స్‌లో పంది మాంసం ముక్క వేసి ఉడికించడం అక్కడ మామూలే. పడనివాళ్లు ముందే అడగండి.

అక్కణ్ణుంచి వాన్ లియర్ అనే పాత బొగ్గు ఊరు దాటి బుచర్ హాలో అనే లోయకి. ఫోన్ సిగ్నల్ పోయింది, దానితోపాటు మా ఆయన మూడ్ కూడా. రోడ్డు పక్క కొట్టులో మనిషికి ఐదు డాలర్లు నగదు ఇస్తే, ఒకాయన వెంట వచ్చి కొండవాలు మీది చెక్క ఇల్లు చూపించాడు. లొరెటా 1932లో పుట్టిన ఈ లోయలో, ఎనిమిది మంది పిల్లలతో ఆమె తండ్రి, బొగ్గు గని కార్మికుడు టెడ్ వెబ్ కాపురం ఉన్న ఇల్లు అది. వాళ్లమ్మ గోడకి అతికించిన బొమ్మల్లో ఉన్న సినిమా తార లొరెటా యంగ్ పేరే కూతురికి పెట్టారు.

మా నాన్న గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. అందుకే ఆ ఇంట్లో అమ్మ పాత ఫొటోలు చూడలేదు, గదులు లెక్కపెట్టింది. "బాయి నుంచి వచ్చినాయనకు తానానికి నీళ్లు ఏడ కాగవెట్టిర్రో అడుగు." అడిగాను. ఆయన నవ్వి పొయ్యి వైపు చూపించి, అక్కడే తొట్టి పెట్టుకునేవాళ్లని చెప్పాడు. అమ్మకి అప్పుడు నమ్మకం కుదిరింది, ఇది నిజంగానే బొగ్గు బాయి ఇల్లని.

లొరెటాకి పదిహేనేళ్లకే పెళ్లయింది. తన ఆత్మకథలో పదమూడని చెప్పుకుంది కానీ, తర్వాత రికార్డులు బయటపడ్డాయి. ఇరవై నిండేసరికి నలుగురు పిల్లలు. వాషింగ్టన్ రాష్ట్రంలో కాపురం ఉండగా భర్త పదిహేడు డాలర్లు పెట్టి గిటారు కొనిచ్చాడు. (మా పార్కింగ్ ఒక్కరోజు డబ్బుతో అలాంటివి రెండు కొన్నా పదకొండు డాలర్లు మిగిలేవి.) 1960లో మొదటి రికార్డు రాగానే ఇద్దరూ కారులోనే పడుకుంటూ రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగారు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' అందుకున్న మొదటి మహిళ ఆమే. 1975లో గర్భనిరోధక మాత్రల మీద పాట విడుదలైతే కొన్ని స్టేషన్లు వేసేది లేదన్నాయి, పాట మాత్రం ఆగలేదు. ఆరుగురిని కన్న మనిషి ఆ పాట పాడిందని చెబితే అమ్మ, "మంచిగ చేసింది" అని ఊరుకుంది.

నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం తప్పక చూడండి. 1892లో కట్టిన హాలు, చర్చి బెంచీల మీద కూర్చోవాలి. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి మాకు మనిషికి ముప్పై డాలర్ల దాకా అయింది, పాటలు తెలిసినవాళ్లకి గిట్టుబాటే. మా ఆయన మూడు గంటలు బయటికి రాలేదు. సిగ్నల్ బాధ మరిచిపోయాడు.

మర్నాడు పడమరగా గంటకి పైగా నడిపి హరికేన్ మిల్స్ వెళ్లాం. లొరెటా 1966లో కొన్న ఊరు లాంటి రాంచ్, 2022 అక్టోబరులో కన్ను మూసిందీ అక్కడే. ఆ కెంటకీ ఇంటికి నమూనా ఒకటి ఇక్కడా కట్టారు, మ్యూజియం కూడా పెద్దది. అమ్మ నమూనా ఇంటి గడప దగ్గరే ఆగి, "అసలుది సూసినంక నకలెందుకే" అని చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది.

బుచర్ హాలోకి వెళ్లేవాళ్లు నగదు తీసుకెళ్లండి, చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లండి. బాత్రూం పని పెయింట్స్‌విల్‌లోనే ముగించుకోండి. రాత్రి కూడా అక్కడే ఆగండి. మేం ఆగలేదు, అయిదు గంటలు డ్రైవ్ చేసి ఆ డ్రమ్ముల మధ్యకి వెళ్లి పడ్డాం.

మూడు ఈమెయిళ్లు పెట్టాక సౌకర్యాల రుసుం 50 డాలర్లు వెనక్కి ఇచ్చారు. పార్కింగ్ 90 ఇవ్వలేదు.